గింజకు ఒక రాత్రి

భోగికి ముందురోజు, పొద్దు వాలే వేళ. చాగలమర్రిలో మా వెనక వీధి కోడలు పిల్ల స్టీలు గిన్నె పట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడింది. గిన్నెలో నూనె ఓడుతున్న తునకలు, అడుగున నల్లటి మడ్డి. "ఏందత్తా ఇది! నూనెలో ఏస్తే సాలు ఇచ్చుకపోతాండాయి. మా అత్త సెప్పిన కొలతే పెట్టినా. కొర్రలతో అరిసెలు కావా?" అని అడిగింది. అర కిలో పిండి, 400 గ్రాముల బెల్లం కలిపిన పాకం ముద్ద ఇంట్లో అలాగే ఉంది. తెల్లారితే చుట్టాలొస్తారు.

మీకూ ఇలాంటి సాయంత్రం ఒకటి గుర్తుందా? సజ్జ బూరెలు పొంగకుండా బిళ్లల్లా మిగిలిపోయాయా? రాగి లడ్డు నోట్లో మట్టిలా తగిలిందా? కొర్రపిండి పాకంలో పడగానే ఇసుకలా విడివిడిగా తిరిగిందా? ఆ తర్వాత "ఇది మనవల్ల అయ్యేది కాదులే" అనుకుని మళ్లీ బియ్యప్పిండికో మైదాకో వెళ్లిపోయారా? అయితే ఈ అధ్యాయం మీకోసమే.

మొదట ఒక మాట నమ్మండి. మీ చేతిలో లోపం లేదు. ఆ పిల్ల పెట్టిన కొలత కూడా మంచి కొలతే, కాకపోతే అది బియ్యానిది. తవుడు పోని గింజ నిదానంగా నీళ్లు తాగుతుంది, నిదానంగా వేగుతుంది, నిదానంగా మెత్తబడుతుంది. బియ్యప్పిండి పాకం దించి, కాస్త చల్లారగానే అరిసెలు వత్తేస్తాం. కొర్రపిండికి ఒక రాత్రి కావాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పబోయే చిట్కాల్లో సగానికి పైగా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

ఈ గింజలు మనకు కొత్తవి కావు. కర్నూలు-కడప (కేసీ) కాలువ నీళ్లు అందిన చోట వరి, అందని నల్లరేగడిలో కొర్ర, జొన్న. మన రేనాటి సేద్యం అలాగే నడిచింది. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం ఇవాళ్టికీ కొర్ర వంగడాలు తయారుచేస్తోంది. అక్కడి రకాల్లో ఒకదాని పేరు 'సూర్యనంది', మన నవనందుల గుళ్లలో ఒకదాని పేరే. ఇంకోదాని పేరు 'రేనాడు'. ఇంత దగ్గరి గింజతో మిఠాయి చేయడం మనకెందుకు చేతకాకుండా పోయింది? 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక మెట్ట ఊళ్లలో కూడా వరి అన్నం రోజూ తినే అన్నమైంది. ఎన్నో కడుపులు నిండాయి, అది చిన్న మేలు కాదు. కానీ కొర్రలు దంచిన చేతుల్లో ఉన్న కొలతలు తర్వాతి తరం చేతుల్లోకి రాలేదు. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పుడు ప్యాకెట్లు ప్రతి అంగట్లోకీ వచ్చాయి. కొలతలు మాత్రం వాటితో రాలేదు. వాటిని మనమే మళ్లీ చేతికి నేర్పుకోవాలి. రండి, పని మొదలుపెడదాం.

1. ముందు గింజను చూడండి

సజ్జ, జొన్న, రాగి వీటికి గట్టి పొట్టు ఉండదు. కడిగి ఆరబోసి పట్టిస్తే గింజ మొత్తం పిండిలోకి వస్తుంది. కొర్ర, సామ, అరికె, ఊద, వరిగలకు పైన గట్టి పొట్టు ఉంటుంది, అది తీసేయాల్సిందే. పొట్టు తీశాక లోపల పలచటి తవుడు పొర ఉంటుంది చూడండి, మనకు కావలసింది అది. మిల్లులో దాన్ని కూడా గీకేస్తే కొర్రబియ్యం తెల్లగా, నిగనిగలాడుతూ వస్తుంది. చూపుకు బాగుంటుంది, కొనేస్తాం. కానీ అప్పుడు మీరు కొన్నది చిన్న సైజు తెల్లబియ్యంతో సమానం.

అంగట్లో ఎలా పోల్చుకోవాలి? గుప్పెడు అరచేతిలో పోసుకుని వెలుతురులో చూడండి. తవుడుతో ఉన్న కొర్రబియ్యం మాసిన పసుపు రంగులో ఉంటుంది, గింజ గింజకూ కాస్త రంగు తేడా కూడా ఉంటుంది. తర్వాత వాసన చూడండి. పాత నూనె వాసన వస్తే తవుడు ముసలైపోయిందని అర్థం, వదిలేయండి. అక్కడక్కడా పొట్టు తీయని గింజ కనబడితే మాత్రం భయపడకండి, చేటలో ఒకసారి చెరిగితే పోతుంది.

2. పిండి ప్యాకెట్టు కొనకండి

ఇది అందరూ చేసే తప్పు. ప్యాకెట్టులో ఉన్నది పొడిపిండి, అదీ ఎప్పుడు పట్టించిందో తెలియదు. వంద గ్రాముల బియ్యంలో కొవ్వు అర గ్రాము దగ్గర ఉంటే సజ్జల్లో సుమారు 5 గ్రాములుంటుంది. గింజగా ఉన్నన్నాళ్లూ ఆ కొవ్వు భద్రం. పిండి చేయగానే గాలి తగిలి పాడవడం మొదలవుతుంది. పది రోజుల నాటి సజ్జపిండి నాలుక మీద వేసుకుని చూడండి, చివర్లో సన్నటి చేదు. దాంట్లో ఎంత యాలకుల పొడి వేసినా ఆ చేదు పోదు. "సజ్జ బూరెలు చేదుగా ఉంటాయి, పిల్లలు తినరు" అనే మాటలో నేను చూసినంతవరకు చాలాసార్లు తప్పు పిండి వయసుదే.

కాబట్టి గింజ కొనండి, కడిగి నీడలో ఆరబెట్టండి, వారానికి సరిపడా మాత్రమే పట్టించండి. పట్టించే ముందు సజ్జల్ని మూకుట్లో చేయి వేడెక్కేంత వేయిస్తే పిండి ఇంకొన్నాళ్లు ఆగుతుంది.

పిండి మిషన్ దగ్గర ఒక జాగ్రత్త. ఒకసారి నా వంతుకు ముందు ఎవరో ఎండుమిరపకాయలు పట్టించుకుపోయారు. నేను చూసుకోలేదు. ఆ ఏడు మా ఇంటి బూరెలు తిన్న పిల్లలు నీళ్ల కోసం పరిగెత్తారు. అప్పటినుంచి ముందు గుప్పెడు జొన్నలు పట్టించి, ఆ పిండి పక్కకు తీసేసి, ఆ తర్వాతే నా గింజ పోయిస్తాను. ఎవరూ ఏమనుకోరు, అడగండి.

3. మొదటి రోజే అరిసెల జోలికి వెళ్లకండి

ఈత నేర్చుకునేవాళ్లు ముందు మెట్ల మీద కూర్చుని కాళ్లాడిస్తారు. మీరు కూడా పాకం అక్కర్లేని మిఠాయితో మొదలుపెట్టండి. తొలి ఏకాదశికి చేసే పేలపిండి ఉంది కదా? జొన్నలతో పుట్టిన తీపి అది. దాన్ని చిరుధాన్యంలోకి మార్చే పనే లేదు.

జొన్నల మీద నీళ్లు చిలకరించి, కలిపి, గంటసేపు మూతపెట్టండి. ఇనప మూకుడు బాగా కాలాక గుప్పెడే గుప్పెడు వేసి, గుడ్డ చుట్టిన కర్రతో తిప్పండి. టపటపా పేలుతాయి. ఎక్కువ పోస్తే మూకుడు చల్లబడి సగం గింజలు పేలకుండా కూర్చుంటాయి. ఎన్ని పేలతాయని అడుగుతారా? కొత్తలో సగం పేలినా చాలు, మిగతావి జల్లెడలో పట్టి వేరే పనికి వాడుకోండి. పేలాలు చల్లారాక మిక్సీలో పొడిచేసి, రెండు గ్లాసుల పొడికి ముప్పావు గ్లాసు తురిమిన బెల్లం, నాలుగు యాలకులు, చిటికెడు ఉప్పు వేసి ఇంకోసారి తిప్పండి. కాచిన నెయ్యి పోసుకుంటూ ఉండ కడితే ఉండ, కట్టకపోతే పిండిగానే తినొచ్చు. రెండు విధాలా మీరు గెలిచినట్టే. అందుకే ఇది మొదటి మెట్టు.

ఇదే పేలపిండిని కజ్జికాయల్లో పెట్టి చూడండి. పైరొట్టె గోధుమపిండితోనే చేసుకోండి, లోపల పప్పుల పొడి బదులు ఇది, కాస్త కొబ్బరి. మా ఇంట్లో ఇప్పుడు ఇంకో రకం కజ్జికాయ ఎవరూ అడగడం లేదు.

4. రాగిని వాసన వచ్చేదాకా వేయించండి

రాగి లడ్డు మట్టిలా ఉందంటే పిండి పచ్చిగా ఉంది. చిన్న సెగ మీద, రెండు చెంచాల నెయ్యితో, చేయి ఆపకుండా 15 నుంచి 20 నిమిషాలు. రంగు చూసి దించుదామంటే కుదరదు, రాగిపిండి మొదటినుంచీ గోధుమ రంగే. ముక్కునే నమ్మండి. మొదట తడిమట్టి వాసన, తర్వాత ఏమీ ఉండదు, ఆ తర్వాత వేయించిన వేరుశనగల్లాంటి కమ్మటి వాసన వస్తుంది. మధ్యలో వాసన లేని దశలో చాలామంది దించేస్తారు. ఇంకో ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. వేయించిన బుడ్డలు (వేరుశనగలు) కచ్చాపచ్చాగా దంచి వేస్తే ఉండ గట్టిగా నిలబడుతుంది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఎదిగే పిల్లల డబ్బాలో రోజుకో ఉండ పెట్టడానికి ఇంతకన్నా మంచి కారణం ఏం కావాలి?

5. సజ్జ బూరె: కంటితో చూడకండి, చెవితో వినండి

ఇప్పుడు పొయ్యి మీద నూనె పెడదాం.

రెండు గ్లాసుల తాజా సజ్జపిండి. ఒక గ్లాసు తరిగిన బెల్లం. అర గ్లాసు నీళ్లు. బెల్లం కరిగాక ఒకసారి వడగట్టండి, బెల్లంలో ఇసుక ఉంటుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి పొంగు రానివ్వండి. తీగపాకం, ఉండపాకం ఏమీ వద్దు, ఒక పొంగు చాలు. దించి, యాలకుల పొడి, రెండు చెంచాల నువ్వులు, చారెడు పచ్చికొబ్బరి తురుము వేసి, ఆ వేడిమీదే పిండి కొంచెం కొంచెంగా పోస్తూ తెడ్డుతో కలపండి. గుప్పెడు పిండి పక్కన దాచుకోండి. చివర్లో ముద్ద జారుగా అనిపిస్తే అది అక్కరకొస్తుంది. ముందే మొత్తం పోసేస్తే ముద్ద బిగిసినప్పుడు వెనక్కి తీయలేరు.

వేడిమీదే ఎందుకు? సజ్జపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. మరిగే బెల్లం నీళ్లు తగిలితేనే అందులోని గంజి ఉడికి జిగురు వస్తుంది. చల్లారిన బెల్లం నీళ్లతో కలిపితే వత్తేటప్పుడు అంచులు చీలతాయి, ఆ చీలికల్లోంచే నూనె లోపలికి పోతుంది. నూనె తాగిన బూరెలన్నీ ఇలా పుట్టినవే.

ముద్ద కలిపాక తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయండి. ఈ అరగంట తినేయకండి! పొయ్యి మీద నూనె కాగుతోందని, పిల్లలు అడుగుతున్నారని తొందరపడతాం. తవుడు ఇంకా నీళ్లు తాగుతూనే ఉంటుంది, ఆగండి. అరగంట తర్వాత అరచేయి తడుపుకుని ముద్దను ఒకసారి మదిస్తే మీకే తెలుస్తుంది. ముందు గరగరగా ఉన్నది ఇప్పుడు చేతికి నునుపుగా తగులుతుంది.

నిమ్మకాయంత ఉండ తీసుకుని అరిటాకు మీదో, నూనె రాసిన కవరు మీదో వత్తండి. మధ్యలో పలచగా అంచున మందంగా ఉంటే పొంగదు. మొత్తం ఒకే మందం, చిన్న వేలి గోరంత. నూనెలో పిండి చుక్క వేస్తే మెల్లగా ఒకటి రెండు లెక్కపెట్టేలోపు పైకి తేలాలి. వెంటనే తేలితే నూనె ఎక్కువ కాగింది, సెగ తగ్గించండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడేది. బియ్యప్పిండి బూరె ఎర్రబడితే వేగినట్టు. సజ్జపిండి బెల్లంతో కలిసి నూనెలో పడకముందే నల్లగా ఉంటుంది. రంగు చూసి తీస్తే లోపల పచ్చి. అందుకని వినండి. వేసిన వెంటనే బూరె చుట్టూ బుడగలు గలగలమంటాయి. గరిటెతో దాని మీద నూనె చిమ్ముతుంటే మధ్యలోంచి పొంగుతుంది. తిప్పండి. బుడగలు సన్నబడి, ఆ గలగల సద్దుమణిగినప్పుడు లోపలి తడి పోయినట్టు. అప్పుడు తీయండి. మొదటిది విరిచి చూడండి. లోపల పొర విడివడి, ఆవిరి కొట్టి, నువ్వుల వాసన వచ్చిందా? మిగతావన్నీ అలాగే.

పొంగనివి ఉంటాయి. పదిలో రెండు మూడు నాకూ పొంగవు. అవి పారేయకండి, వేడిమీదే చేత్తో నలిపి, నెయ్యి వేసి, ముద్దలు చేయండి. మన ఊళ్లలో పీర్ల పండుగకు మలీదా చేసేది కూడా రొట్టెను బెల్లంతో నలిపే కదా, రుచిలో దానికి దగ్గరగానే ఉంటాయి.

6. కొర్ర అరిసె: ఇక్కడే ఆ రాత్రి కావాలి

కడప వైపు అత్తిరసం అంటారు, మనలో చాలామంది అరిసె అంటాం. పేరేదైనా కష్టం ఒకటే. దశలవారీగా వెళదాం. మొదటిసారి అర కిలో కొర్రబియ్యానికి మించి చేయకండి.

నానబెట్టడం. బియ్యాన్ని ఒక రోజంతా నానబెడతాం. కొర్ర గింజ చిన్నది, ఐదారు గంటలు చాలు. మూడు గంటలకోసారి నీళ్లు మార్చండి. ఎక్కువ నానితే పులుపు వాసన వస్తుంది.

ఆరబెట్టడం. నీళ్లు వంపి, పంచె మీద పలచగా, నీడలో పరవండి. ఎండలో వద్దు, ఫ్యాను కింద కూడా వద్దు. అరగంటకోసారి గుప్పెడు తీసి పిడికిలి బిగించండి. అరచేతికి తడి అంటకూడదు, కానీ గింజ చల్లగా తగలాలి. అదీ సమయం. ఎండిపోతే మళ్లీ నానబెట్టడమే, చిలకరిస్తే కుదరదు.

పిండి చేయడం. తడిపిండి పట్టే మిషన్ దగ్గరుంటే సరే, లేకపోతే మిక్సీలో కొంచెం కొంచెంగా వేసి, మెత్తటి జల్లెడలో పట్టండి. జల్లెడలో మిగిలిన రవ్వను మళ్లీ మిక్సీలో వేయండి. "కాస్త రవ్వ ఉంటే కరకరలాడుతుంది" అని వదిలేసేవాళ్లున్నారు. నూనెలో అరిసె విచ్చుకునేది ఆ రవ్వ దగ్గరే. పిండిని గుప్పెట్లో నొక్కితే ముద్దగా నిలవాలి, వేలితో తాకితే రాలిపోవాలి. పట్టినంతసేపూ తడిగుడ్డ కప్పి ఉంచండి.

బెల్లం. అర కిలో కొర్రబియ్యానికి 325 గ్రాములు. బియ్యప్పిండికి పెట్టినట్టు 375, 400 పెట్టకండి. తీపి తగ్గిపోతుందేమోనని భయపడతారు, తగ్గదు.

పాకం. బెల్లం మునిగేంత కన్నా తక్కువ నీళ్లతో కరిగించి, వడగట్టి, మందపాటి గిన్నెలో కాయండి. పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి పక్కన పెట్టుకోండి. బుడగలు పెద్దవై నురగ కట్టినప్పుడు ఒక చుక్క ఆ నీళ్లలో వేసి వేలితో దగ్గరికి లాగండి. బియ్యప్పిండికైతే ఉండ కట్టి నిలబడే పాకం చూస్తాం. కొర్రకు అంతకన్నా ఒక్క నిమిషం ముందు ఆపాలి. చుక్క ఉండగా దగ్గరికొస్తుంది, పళ్లెం అంచున పెడితే మెల్లగా సాగిలపడుతుంది. అక్కడ పొయ్యి కట్టేయండి. ఎందుకంత లేతగా? రాత్రంతా తవుడు ఆ పాకంలోని తడిని తాగుతుంది. ఇప్పుడే గట్టిగా ఉంటే తెల్లారేసరికి రాయవుతుంది.

కలపడం. దించాక యాలకుల పొడి, ఒక చెంచా నెయ్యి. ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తిప్పాలి. ఈ పని ఒంటరిగా చేయకండి, పక్కింటి వదిననో ఇంట్లో కుర్రాణ్నో పిలవండి. ముద్ద గరిటె నుంచి మెల్లగా జారుతూ ఉండాలి. "ఇంత పలచగా ఉందేంటి?" అనిపిస్తుంది. అనిపించనివ్వండి. పైన నెయ్యి రాసి, మూతపెట్టి, పడుకోండి.

పొద్దున. మూత తీసేసరికి ముద్ద బిగిసి ఉంటుంది. చేత్తో మదిస్తే వెచ్చబడి దారికొస్తుంది. ముందు ఒకే ఒక్కటి వేసి చూడండి. నూనె మధ్యస్థంగా కాగాలి. అరిసె మొదట అడుక్కి పోతుంది, నాలుగు క్షణాల్లో పైకొస్తుంది, అంచుల వెంట సన్నటి బుడగలు దారప్పోగులా వరుస కడతాయి. విచ్చుకుందా? రెండు చెంచాల పిండి కలిపి మళ్లీ మదించండి. కదలకుండా రాయిలా ఉందా? గోరువెచ్చటి పాలు ఒక చెంచా చిలకరించి మదించండి. రెండూ దిద్దుకోగల తప్పులే. ముద్ద మొత్తం నూనెలో వేసేశాక దిద్దలేం, అందుకే ఆ ఒక్కటి ముందు.

తీయగానే రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి మెల్లగా నొక్కండి. కొర్ర అరిసె బియ్యం అరిసె కంటే మృదువుగా ఉంటుంది, వేడిమీద ఎక్కువ నొక్కితే విరుగుతుంది. నూనె కారడం ఆగగానే వదిలేయండి.

7. అన్నింటినీ మార్చాలని పంతం పట్టకండి

కొర్రపిండి ఒక్కదానితో భక్ష్యాలు (బొబ్బట్లు) చేయాలని నేను మూడుసార్లు ప్రయత్నించాను. సాగదు, పూర్ణం బయటికొచ్చి పెనానికి అంటుకుంటుంది. గోధుమపిండిలో మూడోవంతు కలిపితే కుదురుతుంది, అంతకుమించి నేను మీకు సలహా ఇవ్వను. పూర్ణం బూరెల తోపుపిండిలో మాత్రం బియ్యం బదులు కొర్రబియ్యం ధైర్యంగా వేయండి. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల కొర్రబియ్యం, ఐదు గంటలు నానబెట్టి రుబ్బండి. మొదటిసారే కుదురుతుంది. కొర్ర పాయసంలో బెల్లం పొయ్యి కట్టేసి, కాస్త చల్లారాకే వేయండి, లేకపోతే పాలు విరుగుతాయి.

8. ఇంట్లో పెద్దవాళ్ల మాట

"పండగపూట కొర్రలా? మేం తినలేక వదిలేసినవి మళ్లీ తెస్తివా?" అని అత్తగారు అన్నారనుకోండి. వాదించకండి. ఆ మాట వెనక కరువు రోజులున్నాయి. బియ్యం దొరకని ఇళ్లలో పెరిగినవాళ్లకు తెల్లటి అరిసె అంటే మర్యాద. ఆరోగ్యం గురించి ఉపన్యాసం ఇస్తే ఆ మర్యాద మీద చేయి వేసినట్టవుతుంది. దానికి బదులు అడగండి, "అత్తా, మీ అమ్మ కొర్రలు ఎట్ల దంచేది? పాకం ఎట్ల చూసేది?" అని. నేను ఇలా అడిగిన నాలుగైదు ఇళ్లలో పెద్దామె లేచి వచ్చి మూకుడు దగ్గర కూర్చుంది. పళ్లెంలో చుక్క సాగిలపడే గుర్తు నాకు అలా దొరికిందే.

9. షుగర్ ఉన్నవాళ్ల సంగతి

"కొర్రలతో చేసింది కదా, నాన్నకు పెట్టొచ్చా?" అని నన్ను చాలామంది అడుగుతారు. అర కిలో కొర్రబియ్యానికి 25 నుంచి 28 అరిసెలొస్తాయి. అంటే ఒక్కోదాంట్లో 12, 13 గ్రాముల బెల్లం. బెల్లం చక్కెరకు అన్న కాదు, తోడబుట్టిందే. తవుడుతో ఉన్న గింజలో పీచు ఉంది, తెల్లపిండి కన్నా మేలు, అంతవరకే. మందుగా చెప్పి పెట్టకండి. పండగనాడు సగం అరిసె ఇవ్వాలా వద్దా అన్నది ఆయన డాక్టరును అడిగి తేల్చుకోండి. సగం ఇవ్వొచ్చంటే, ఆ సగం ఆయన ముందే విరిచి, మిగతా సగం మీరు తినండి.

10. డబ్బాలో పెట్టే ముందు

పూర్తిగా చల్లారాలి. కొంచెం వెచ్చదనం ఉన్నా మూతకు ఆవిరి పట్టి బూజు వస్తుంది. కొబ్బరి వేసిన సజ్జ బూరెలు మూడు రోజుల్లో తినేయండి, ఊరికి పంపేవాటిలో కొబ్బరి మానేయండి. అరిసెలు పది పన్నెండు రోజులు బాగుంటాయి, మూడోరోజు నుంచి రుచి పెరుగుతుంది కూడా. పేలపిండి ఇంకా ఎక్కువే ఆగుతుంది, తడిచెంచా పెట్టనంతవరకు.

ఇక ఆ కోడలు పిల్ల గిన్నె సంగతి.

ఆమె వాడింది ప్యాకెట్టు పొడిపిండి. బెల్లం ఎక్కువ. పాకం బాగానే పట్టింది కానీ కలిపిన పది నిమిషాలకే నూనెలో వేసింది. ముద్ద పారేయకుండా మా ఇంటికి తెమ్మన్నాను. చిన్న గ్లాసుడు కొర్రబియ్యం అప్పుడే నానబోశాం. రాత్రి పదకొండుకు నీళ్లు వంపి, గుడ్డ మీద ఆరబెట్టి, మిక్సీలో వేసి, జల్లించి, ఆ తడిపిండిని ఆమె ముద్దలో కలిపి మూతపెట్టాం. "తెల్లారేదాకా ముట్టుకోవద్దు" అని పంపించాను. మూత తీసి చూడకుండా ఉండటానికి గిన్నెను మా ఇంట్లోనే వదిలిపెట్టి పోయింది.

భోగిమంట ఇంకా పూర్తిగా ఆరలేదు, ఆమె వచ్చింది. జుట్టుకు పొగవాసన. ముద్ద మదించి, ఒక్కటి వత్తి, నూనెలో జారవిడిచింది. అరిసె అడుక్కి పోయింది. ఇద్దరం మూకుట్లోకి వంగి చూస్తున్నాం. నాలుగు క్షణాలు. మెల్లగా పైకి తేలింది, అంచుల చుట్టూ సన్నటి బుడగల వరుస, ఎక్కడా చీలిక లేదు. గరిటెతో తిప్పబోతూ ఆగి, "అత్తా, ఇంకొకటి ఎయ్యనా?" అంది.